ప్రక్కవాద్యం నడివేదికకు వచ్చిన వేళ: ద్వారం వెంకటస్వామి నాయుడు జీవితరేఖలు

కర్ణాటక సంగీత కచేరీలో ఎవరెక్కడ కూర్చోవాలన్నది ఎవరూ రాసిపెట్టని నియమం. నడుమ గాయకుడు, ఆయనకు కుడిపక్కన మృదంగం, ఎడమపక్కన వయొలిన్, వెనుక తంబురా. ఈ అమరికలో వయొలిన్ విద్వాంసుని బాధ్యత కూడా ఆయన కూర్చున్న చోటే తేల్చి చెబుతుంది. గాయకుడు రాగం ఎత్తుకుంటే నీడలా అనుసరించాలి, ఆయన ఆపినప్పుడు అందుకోవాలి, తన వంతు వచ్చినప్పుడు గాయకుడు తీసుకున్న వ్యవధిని మించకుండా వాయించి ముగించాలి. ఎంతటి విద్వత్తు ఉన్నా అది మరొకరి కచేరీయే. ఆ ఎడమపక్క చోటు నుంచి లేచి, వేదిక నడిమికి వచ్చి కూర్చుని, గాత్రం ఆసరా లేకుండా పూర్తి కచేరీని తన కమాను మీదే నడిపించిన తెలుగువాడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆయన పుట్టింది నవంబరులోనే, కన్నుమూసిందీ నవంబరులోనే. ఏటా ఈ నెలలో విజయనగరం, విశాఖపట్నం, చెన్నై నగరాల సంగీతాభిమానులు ఆయనను తలచుకుంటారు.

1893 నవంబరు 8వ తేదీన, దీపావళి పండుగనాడు, వెంకటస్వామి బెంగళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడు సైన్యంలో ఉద్యోగి. ఆయన పదవీ విరమణ చేశాక కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. ఇంట్లో భజనలు ఉండేవి, ఫిడేలు ఉండేది. నాటి ఉత్తరాంధ్ర ఇళ్లలో ఈ రెండూ కలిసి ఉండటం అంత అరుదేమీ కాదు. తండ్రికి సంగీతం పట్ల అభిరుచి ఉండగా, అన్న వెంకటకృష్ణయ్య వయొలిన్ నేర్చినవారు. తమ్మునికి తొలి పాఠాలు చెప్పిన గురువు ఆయనే.

వెంకటస్వామి చదువు పాఠశాలలో ఎక్కువ కాలం సాగలేదు. బాల్యం నుంచే చూపు మందగించింది. నల్లబల్ల మీద రాసినది కనిపించక ఒక భూతద్దం చేతపట్టుకుని చూస్తూ రాసుకునేవారని, అది గమనించిన ఉపాధ్యాయుడు ఆగ్రహించి తరగతి నుంచి పంపివేశాడని ఆయన జీవితం తెలిసినవారు చెబుతూ వచ్చారు. ఆ రోజుల్లో చూపు తక్కువైన పిల్లవానికి వేరే బడి గానీ, వేరే పుస్తకం గానీ లేవు. బడి మూసిన తలుపు ఇంట్లో ఫిడేలు ముందు తెరుచుకుంది. అక్షరాన్ని కంటితో పట్టుకోలేని కుర్రవాడు స్వరాన్ని చెవితో పట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఇక్కడ వయొలిన్ స్వభావం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. వీణకు మెట్లుంటాయి. వేలు ఎక్కడ నొక్కాలో కొంతవరకు ఆ మెట్లే చూపిస్తాయి. వయొలిన్‌కు మెట్లు లేవు. నున్నని పలక మీద వేలు ఆనిన చోటే స్వరస్థానం. వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. కళ్లున్నవారు సైతం అక్కడ చూసి చేయగలిగింది ఏమీ లేదు. చెవి చెప్పాలి, వేలు వినాలి. కమాను లాగే ఒత్తిడి, వేగం, నిడివి ఇవన్నీ చేతికి తెలియవలసినవే తప్ప కంటికి తెలిసేవి కావు. చూపు మందగించిన బాలునికి ఈ వాద్యం దొరకడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఇంతకంటే తగిన వాద్యం ఆయనకు మరొకటి ఉండేదని ఊహించలేం.

అప్పటికి ఈ వాద్యం మన సంగీతంలోకి వచ్చి నూరేళ్లు దాటింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ల వద్ద దీనిని నేర్చి మన రాగాలకు మలిచారు. తంజావూరు సోదర చతుష్టయంలోని వడివేలు దీనిని తిరువాన్కూరు ఆస్థానానికి చేర్చి, స్వాతి తిరునాళ్ మహారాజు చేత దంతపు వయొలిన్ బహుమతిగా అందుకున్నారు. నిలబడి గడ్డం కింద ఆనించి వాయించే పరదేశపు వాద్యం, ఇక్కడ చాప మీద కూర్చుని, ఛాతీకి ఆనించి, కొసను కుడిపాదం మీద నిలిపి వాయించేదిగా మారింది. తీగల శ్రుతి కూడా మారి, సా పా సా పా అయింది. ఎడమచేయి వాద్యాన్ని మోయవలసిన పని లేకపోవడంతో వేళ్లు తీగ మీద స్వేచ్ఛగా జారగలిగాయి. మన గమకాలు పలకడానికి ఆ స్వేచ్ఛే కావలసింది. ఇంత జరిగినా వయొలిన్ స్థానం మాత్రం గాయకుని పక్కనే ఉండిపోయింది.

1919 సంవత్సరం వెంకటస్వామి జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ప్రారంభమైంది. సంస్థానాధీశుడు పూసపాటి విజయరామ గజపతిరాజు దానిని నెలకొల్పారు. సంస్థానంలో ఉద్యోగి అయిన చాగంటి జోగారావు కుమారుడు గంగరాజుకు చూపు లేదు, సంగీతం మీద ఆసక్తి ఉంది. ఆ బాలుని కోసం ఆరంభమైన ఆలోచనే కళాశాలగా రూపుదిద్దుకుందని విజయనగరంలో నేటికీ చెప్పుకుంటారు. చూపు లేని ఒక పిల్లవాని కోసం పుట్టిన విద్యాలయం చూపు మందగించిన మరొకరికి జీవితాన్ని ఇవ్వడం కల్పిత కథలో కనిపిస్తే అతకలేదంటాం. చరిత్రలో ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి.

కళాశాల తొలి ప్రధానాచార్యుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. సంస్కృతాంధ్రాలలో కవి, బహుభాషావేత్త, కాలికి గజ్జె కట్టి చేతితో తాళం వేస్తూ ఒకేసారి వేర్వేరు లయలను నడిపించగల లయజ్ఞుడు. ఆయన మెప్పు పొందడం తేలిక కాదు. విజయనగరంలో సంగీత కళాశాల తెరిచారని తెలిసి, విద్యార్థిగా చేరాలన్న ఉద్దేశంతో పాతికేళ్ల వెంకటస్వామి అక్కడికి వెళ్లారు. ప్రవేశం కోసం వాయించి వినిపించారు. విన్న దాసుగారు ఆయనను విద్యార్థిగా చేర్చుకోలేదు. వయొలిన్ ఆచార్యునిగా నియమించుకున్నారు.

ఈ ఘట్టం చెప్పేటప్పుడు ఒక్క క్షణం ఆగాలనిపిస్తుంది. నేటి నియామక ప్రకటనలు చదివే అలవాటున్న వార్తా సంపాదకునిగా చెబుతున్నాను. ఈ రోజు అటువంటి యువకుడు దరఖాస్తు పెట్టుకుంటే అది తొలి వడపోతలోనే పక్కకు పోతుంది. డిగ్రీ లేదు, పాఠశాల ధ్రువపత్రం కూడా లేదు. నిబంధనలు అవసరమే, వాటి వెనుక న్యాయమూ ఉంది. పైరవీకి అడ్డుకట్ట వేయడానికే అవి పుట్టాయి. అయినా, ఒక మనిషి వాయిస్తుండగా విని, విన్నదాని మీదే తీర్పు చెప్పగల ధైర్యం దాసుగారికి ఉండబట్టే తెలుగునాట వయొలిన్ సంప్రదాయానికి ఒక కేంద్రం ఏర్పడింది.

ఉద్యోగం రావడంతో వెంకటస్వామి నాయుడు సాధన ఆగలేదు. అసలైన సాధన అప్పుడే మొదలైందనాలి. పాఠం చెప్పేవానికి ఒక ఇబ్బంది ఉంటుంది. తనకు సహజంగా వచ్చినది ఎదుటివానికి ఎందుకు రావడం లేదో వివరించవలసి వస్తుంది. వేలు ఏ కోణంలో పడుతోంది, కమాను ఎక్కడ తడబడుతోంది, జారు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఇవన్నీ విడమరిచి చెప్పే క్రమంలో గురువు తన వాదనాన్ని తానే పరీక్షించుకుంటాడు. నాయుడుగారి బాణీలోని స్పష్టత వెనుక ఏళ్ల తరబడి చెప్పిన పాఠాల పాత్ర ఉందని నా అభిప్రాయం.

ఆయన చెవి ఒక్క సంప్రదాయానికే పరిమితం కాలేదు. పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుల గ్రామఫోను రికార్డులను శ్రద్ధగా విన్నారు. వారి కమాను పనితనాన్ని గమనించారు. పొడవుగా, ఒకే ఒత్తిడితో, తెగకుండా సాగే కమాను, దాని నుంచి వచ్చే నిండైన నాదం ఆయనను ఆకర్షించాయి. అక్కడి రాగాలను, స్వరమేళనాన్ని తెచ్చి ఇక్కడ అతికించలేదు. నాదాన్ని పలికించే పద్ధతిని మాత్రమే గ్రహించి, దానిని త్యాగరాజ కీర్తనకు, రాగాలాపనకు వినియోగించారు. ఆయన వాదనంలో పాశ్చాత్య ఛాయ ఉందని, గమకం పాలు తగ్గిందని అనుకున్న శ్రోతలు లేకపోలేదు. ఆ అభిప్రాయాన్ని కొట్టిపారేయనక్కరలేదు. బరువైన గమకాలతో నిండిన బాణీకి అలవాటుపడిన చెవికి ఆ నున్నదనం కొత్తగానే ఉంటుంది. అయితే ఆయన రికార్డులు నేడు విన్నవారికి ముందుగా తట్టేది వేరొకటి. ఆ వయొలిన్ పాడుతుంది. సాహిత్యంలో మాట విరిగే చోట కమాను విరుగుతుంది, దీర్ఘం ఉన్నచోట నిలుస్తుంది.

నాటి వయొలిన్ విద్వాంసులందరినీ వేధించిన చిక్కు ఒకటి ఉంది. అది శబ్ద పరిమాణం. మైకులు ఇంకా అన్ని సభలకూ రాని రోజులు. గంభీరమైన గాత్రం ముందు, మృదంగం మోత నడుమ నాలుగు తీగల వాద్యం వెనుక వరుస శ్రోతకు ఎలా వినబడుతుంది? మైసూరు చౌడయ్య దీనికి ఒక పరిష్కారం కనిపెట్టారు. తీగలకు జంట తీగలు జోడించి ఏడు తీగల వయొలిన్ తయారుచేయించుకుని, ఒకే స్వరం రెండు స్థాయిలలో మోగేలా చేశారు. నాయుడుగారు మరో దారి పట్టారు. తీగలు నాలుగే ఉంచి, కమాను మీద అధికారం పెంచుకున్నారు. చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై, ద్వారం వెంకటస్వామి నాయుడు, ఈ ముగ్గురినీ ఆ తరం వయొలిన్ త్రయంగా దక్షిణాది శ్రోతలు గౌరవించారు. మూడు బాణీలకూ పోలిక తక్కువ. అదే ఆ కాలపు అదృష్టం.

ప్రక్కవాద్య విద్వాంసునిగా ఆయన నాటి అగ్రశ్రేణి గాయకుల సరసన కూర్చున్నారు. ఆ అనుభవం చిన్నది కాదు. గాయకుడు తరువాత ఏం పాడతాడో ముందుగా తెలియదు. రాగం తొలి పలుకులోనే గుర్తించాలి, తెలియని కీర్తన అయినా పట్టుకోవాలి, క్లిష్టమైన స్వరకల్పనకు అక్కడికక్కడే జవాబు చెప్పాలి. అంటే అదొక నిత్య పరీక్ష. పదుల సంఖ్యలో గాయకుల మనోధర్మం ఆయన చెవిలో నిక్షిప్తమై ఉంటుంది. సోలోకు కూర్చున్ననాడు ఆ నిల్వ అంతా అక్కరకు వచ్చి ఉండాలి.

1936లో నారాయణదాసు పదవీ విరమణ చేయగా నాయుడుగారు కళాశాల ప్రధానాచార్యులయ్యారు. ఇది జరిగిన రెండేళ్లకు, 1938లో, తమిళ దేశంలోని వెల్లూరులో ఆయన వయొలిన్ సోలో కచేరీ చేశారు. దక్షిణాది కచేరీ వేదిక మీద వయొలిన్‌ను ప్రధాన వాద్యంగా నిలిపిన తొలి సోలోగా దీనిని సంగీత చరిత్రలో పేర్కొంటారు. తొలి అనే మాటను వార్తా రచనలో మేము జాగ్రత్తగా వాడాలని నేర్చుకున్నాం. తిరుక్కోడికావల్ కృష్ణయ్యర్ వంటి మహావిద్వాంసులు అంతకు ముందు తరంలోనే వయొలిన్ శక్తిని ఒంటరిగా చాటి చూపారు. అయితే ప్రజలు టికెట్టు కొనుక్కుని వచ్చి, గాయకుడు లేని వేదిక ముందు పూర్తి నిడివి కచేరీ వినడం అనే అలవాటు స్థిరపడింది మాత్రం నాయుడుగారి కాలంలోనే. అందులో ఆయన వాటా పెద్దది.

సోలో కచేరీ అంటే గాయకుడు లేని కచేరీ అని మాత్రమే అనుకుంటే పొరపాటు. గాయకునికి సాహిత్యం ఉంటుంది. స్వరం ఒకటి రెండు చోట్ల అలసినా మాట ఆదుకుంటుంది. రాముని పేరో, అమ్మవారి పేరో వినపడగానే శ్రోత మనసు అక్కడికి వెళ్తుంది. వాద్యానికి ఆ అండ లేదు. కీర్తన తెలిసిన శ్రోత లోలోపల సాహిత్యాన్ని నింపుకుంటాడు. తెలియని శ్రోతకు మిగిలేది నాదమే. కాబట్టి వాయించేవాడు సాహిత్యాన్ని కంఠస్థం చేసి, పాడగలిగి ఉండి, ఆ పాటను కమానులోకి దింపాలి. వాద్య విద్యార్థులను ముందుగా పాడి వినిపించమని మన గురువులు పట్టుబట్టడంలోని అంతరార్థం ఇదే.

రెండవ చిక్కు విశ్రాంతికి సంబంధించినది. ప్రక్కవాద్యంగా ఉన్నప్పుడు గాయకుడు రాగం పాడుతున్నంత సేపూ చేతికి కొంత ఊపిరి దొరుకుతుంది. సోలోలో మృదంగ విద్వాంసుడు తని ఆవర్తనం వాయించే సమయం తప్ప మరెక్కడా కమాను దించే వీలు ఉండదు. అందువల్ల కచేరీ క్రమాన్ని ముందుగానే ఆలోచించుకోవాలి. చేయి వేడెక్కడానికి వర్ణం, తరువాత చిన్న కీర్తనలు, ఆ పైన ప్రధాన రాగం, ఓపిక ఉంటే రాగం తానం పల్లవి, చివర శ్రోతల మనసు తేలికపడే చిన్న రచనలు. ఒకే స్థాయి రాగాలు పక్కపక్కన పడకూడదు, ఒకే తాళం వరుసగా రాకూడదు. విలంబం వెంట కాస్త వేగం ఉండాలి. గంభీర రాగం ఎక్కడ పెడితే సభ నిశ్శబ్దంగా వింటుందో, ఎక్కడ పెడితే కుర్చీలు కదులుతాయో అనుభవం చెప్పాలి.

ఇవాళ విశ్వవిద్యాలయాల సంగీత శాఖల్లో వయొలిన్ విద్యార్థి ఆఖరి పరీక్షగా వేదిక మీద కచేరీ చేసి చూపాలి. ఆ విద్యార్థి నెలల తరబడి పడే ఆరాటం ఇదే. ఏ రాగం ప్రధానంగా ఎంచుకోవాలి, పరీక్షకులు అడిగే రాగానికి సిద్ధంగా ఉండటం ఎలా, మృదంగం వాయించే మిత్రునితో ఎన్నిసార్లు కూర్చోవాలి, చెమట పట్టిన వేలు తీగ మీద జారితే ఏం చేయాలి. ఒక విశ్వవిద్యాలయంలో అటువంటి పరీక్షను శ్రోతగా కూర్చుని విన్నాను. అమ్మాయి వర్ణం మొదటి కాలంలో బాగానే నడిపింది. రెండో కాలానికి వచ్చేసరికి శ్రుతి కొంచెం దిగింది. తను ఆపింది. తలవంచి, బిరడను సరిచేసుకుని, తంబురా నాదాన్ని కొంతసేపు విని, మళ్లీ ఎత్తుకుంది. పరీక్ష ఎలా ముగిసిందో తెలియదు గానీ, ఆ ఆగడం నాకు నచ్చింది. నాయుడుగారి పరంపర గురించి చదివినప్పుడల్లా అది గుర్తుకొస్తుంది.

ఎందుకంటే తంబురా పట్ల ఆయనకున్న గౌరవం ప్రసిద్ధం. ఆ వాద్యం విశిష్టతను గురించి, నాదానికి గల ఆకర్షణ శక్తిని గురించి ఆయన వ్యాసాలు రాశారు. నాలుగు తీగలు మీటితే వచ్చే ఆ నిరంతర ధ్వనిలో శ్రుతి ఒక్కటే కాక, దాని లోపల మరెన్నో స్వరాలు దాగి మోగుతుంటాయి. శ్రద్ధగా వినేవానికి అవి వినిపిస్తాయి. మెట్లు లేని వాద్యానికి ఆ ధ్వనే కొలబద్ద. సంగీత సదస్సులలో ఆయన సోదాహరణ ప్రసంగాలు చేశారు. అరుదైన త్యాగరాజ కీర్తనలకు స్వరలిపి కూర్చి ప్రకటించారు. పాఠశాలలో నల్లబల్ల చూడలేక వెనుదిరిగిన బాలుడు అచ్చులో ఇతరులకు పాఠాలు అందించే స్థితికి చేరుకున్నాడు.

మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1941 వార్షిక సదస్సుకు ఆయన అధ్యక్షత వహించారు. సంగీత కళానిధి బిరుదు ఆ గౌరవంతో ముడిపడినదే. గాయకులకే పెద్దపీట వేసే కాలంలో ఒక వయొలిన్ విద్వాంసుడు, అందులోనూ ఉత్తరాంధ్రలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడు ఆ పీఠం మీద కూర్చోవడం విశేషమే. 1950లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో సత్కరించింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి. బిరుదుల జాబితా ఇంకా ఉంది, దానిని ఇక్కడితో ఆపుదాం.

స్వాతంత్ర్యానంతరం ఆయన పేరు దక్షిణాది సరిహద్దులు దాటింది. ఢిల్లీలో అంధుల సహాయ సంఘానికి నిధులు సమకూర్చడం కోసం కచేరీ చేశారు. తన లోపం గురించి వేదికల మీద చెప్పుకోవడం ఆయన స్వభావం కాదు. ఆ కచేరీ చేయడమే ఆయన చెప్పిన మాట అనుకోవాలి. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ భారతదేశానికి వచ్చారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ స్వయంగా సాహితీవేత్త, కళాభిమాని. ఆయన ఇంట నాయుడుగారి వాదనాన్ని మెనుహిన్ విని ముగ్ధుడయ్యారు. ఒకే వాద్యం. ఒకరు నిలబడి, గడ్డానికి ఆనించి వాయించేవారు. మరొకరు చాప మీద కూర్చుని పాదం మీద నిలిపి వాయించేవారు. ఆ వాద్యం ఐరోపా నుంచి వచ్చి ఒకటిన్నర శతాబ్దం గడిచాక, అది ఇక్కడ ఏమయిందో పాశ్చాత్య సంగీత మహా విద్వాంసుడు స్వయంగా వినడం చరిత్రకు దొరికిన మంచి సందర్భం.

ఆకాశవాణి శ్రోతలకు ఆయన పరిచయం మరో దారిన జరిగింది. 1938లో మద్రాసు, 1948లో విజయవాడ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. రేడియో వచ్చాక వయొలిన్‌కు శబ్ద పరిమాణం అనే పాత చిక్కు తొలగిపోయింది. మైకు ముందు నాలుగు తీగల వాద్యం గాత్రంతో సమానమైంది. ఆయన కమాను చివర సన్నగిల్లే నాదం కూడా పల్లెటూరి పంచాయతీ రేడియో దాకా చేరింది. టికెట్టు కొనే స్తోమత లేని, మద్రాసు సభల మొహం చూడని తెలుగు శ్రోత ద్వారంవారి ఫిడేలు అని గుర్తుపట్టడం నేర్చింది రేడియో ద్వారానే. కొన్ని ఇళ్లలో ఆయన పేరును ఫిడేలు నాయుడుగారని చెప్పుకోవడం మా పెద్దల తరం నోట మేము విన్నదే.

అయితే ఆయన జీవితంలో అధిక భాగం గడిచింది రేడియోలో కాదు, సభలలోనూ కాదు. విజయనగరం కళాశాల గదులలో. ప్రధానాచార్యునిగా ఆయన ఉన్న కాలంలో అక్కడ చదివినవారి పేర్లు చూస్తే తెలుగు సంగీత చరిత్రలో సగం కళ్ల ముందు నిలుస్తుంది. పట్రాయని సీతారామశాస్త్రి వద్ద గాత్రం నేర్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు ఆ కళాశాల విద్యార్థే. వారాలు చేసుకుని, ఇంటింటా భోజనం చేసి చదువుకున్న ఆయన కథ తెలుగువారికి తెలిసిందే. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ అక్కడే తొలి శిక్షణ పొంది, తరువాత శ్రీపాద పినాకపాణి వద్ద గాత్రాన్ని తీర్చిదిద్దుకుని అగ్రశ్రేణి గాయకులయ్యారు. మారెల్ల కేశవరావు వయొలిన్‌లో గురువుగారి బాణీని నిలిపి, తానూ గురువై ఎందరినో తయారుచేశారు. గాయని పి. సుశీలకు విజయనగరంలో సంగీతం చెప్పినది నాయుడుగారి కుమారుడు ద్వారం భావనారాయణరావు. కుమార్తె ద్వారం మంగతాయారు వయొలిన్ విదుషిగా వేదికలెక్కారు. ద్వారం నరసింగరావు మొదలుకొని ఆ కుటుంబంలో మరికొందరు అదే వాద్యాన్ని చేపట్టి, ద్వారం బాణీ అన్న మాటకు కొనసాగింపునిచ్చారు.

ఒక్క మాట. పెద్ద విద్వాంసుడు పాఠశాల ఉపాధ్యాయుడై ఉండిపోవడంలో నష్టం కూడా ఉంది. నాటి కచేరీలకు మద్రాసు రాజధాని. అక్కడ మకాం పెట్టినవారికే సభలు, రికార్డులు, పత్రికల ప్రశంసలు ఎక్కువ. విజయనగరం నుంచి రైలెక్కి, రాత్రంతా ప్రయాణించి, కచేరీ చేసి, మళ్లీ పాఠం వేళకు తిరిగి రావాలి. చూపు నానాటికీ తగ్గుతున్న మనిషికి ఆ ప్రయాణం సులువు కాదు. మద్రాసులోనే స్థిరపడి ఉంటే ఆయన వాదనం మరింతగా రికార్డయి ఉండేదేమో, సోలో కచేరీలు మరెన్నో జరిగి ఉండేవేమో. కానీ విజయనగరంలో ఆ తరగతి గదులు మరోలా ఉండేవి. ఏది పెద్ద నష్టమో తేల్చడం కష్టం. నా మటుకు నేను తరగతి గది వైపే మొగ్గుతాను. రికార్డు అరిగిపోతుంది. మారెల్ల కేశవరావు చేతిలో ఆ బాణీ మరో చేతికి మారింది.

ఆయన చివరి రోజుల నాటికి వయొలిన్ సోలో కొత్త వింత కాదు. లాల్గుడి జయరామన్, ఎం.ఎస్. గోపాలకృష్ణన్, టి.ఎన్. కృష్ణన్ వంటి తదుపరి తరం విద్వాంసులు గాయకుల సరసన కూర్చుంటూనే సోలో కచేరీలు చేశారు. వయొలిన్ జంట కచేరీలు, వీణ వేణువులతో కలిసిన కచేరీలు వచ్చాయి. నిర్వాహకులు కరపత్రం మీద వయొలిన్ సోలో అని ప్రత్యేకంగా అచ్చువేసి, ఎవరు పాడతారని అడిగిన శ్రోతకు సర్దిచెప్పవలసిన రోజులు గతించాయి.

1964 నవంబరు 25న హైదరాబాదులో ద్వారం వెంకటస్వామి నాయుడు తుదిశ్వాస విడిచారు. డెబ్బై ఒకటవ పుట్టినరోజు గడిచి అప్పటికి మూడు వారాలైనా నిండలేదు. 1993లో శతజయంతి సందర్భంగా తపాలా శాఖ ఆయన స్మృతిలో బిళ్ల విడుదల చేసింది. విజయనగరం సంగీత కళాశాల నూరేళ్లు దాటి నేటికీ నడుస్తోంది. చేరడానికి వచ్చిన పిల్లలను ఆచార్యులు ఇప్పటికీ ఏదో ఒకటి పాడమనో, వాయించమనో అడుగుతారు.